గోడ దిక్కు కూసున్న రంగ్రేజ్

నా యారాలు కళావతి ఇంట్ల అద్దాల బీరువా దిగిన దినం నేను అన్నం ముట్టలే. దాచుడెందుకు? కుళ్ళు కుళ్ళే. ఆమె మొగడు కొండల్ నాకు మరిది, నా పెనిమిటికి సొంత తమ్ముడు. ఇద్దరు ఒక్క తల్లి కడుపుల పుట్టిండ్రు, ఒక్క తండ్రి దగ్గర రంగులేసుడు నేర్సిండ్రు. ఆమెకేమో పెద్ద రోడ్డు మీద మల్గి, అంటె దుకాణం, నాకేమో గల్లీ కొసకు గోడ. గిదేం పంపకం? పంచింది మా మామ బాలనర్సింహ. పానం పోయే ముందల ఇద్దరు కొడుకులను పిలిచి, "పెద్దోడు లోపలింట్ల, చిన్నోడు బయట మల్గిల," అన్నడు. ఎందుకు అంటె చెప్పలే. కండ్లు మూసిండు. ఆయన సుఖంగ పోయిండు, మంట మాకు పెట్టి పోయిండు.

మొగని పేరు ఆడది నోట్లకెల్లి తియ్యద్దని మా అమ్మ నేర్పింది. తియ్యకుంటె ఈ ముచ్చట నడవది. భిక్షపతి. అయిపాయె, అన్న. హుస్సేనీ ఆలంల అందరు ఆయనను రంగ్రేజ్ భిక్షపతి అంటుండిరి. దుప్పట్టాలకు, చీరెలకు, పాగలకు రంగులేసుడు మా పని. ఇప్పుడంటె మిల్లులల్ల రంగు గుడ్డ తయారై వస్తున్నది గని, అప్పుడు తెల్ల మల్లు గుడ్డ కొనుక్కొని మా అసోంటోళ్ళ దగ్గరికే రావాలె.

మా గల్లీ రోడ్డు మీద నిలవడి చూస్తె కనవడది. మూతి ఇరుకు. ఇద్దరు మనుషులు ఎదురైతె ఒకరు గోడకు ఒదగాలె. లోపలికి జర నడిస్తె కుడి చెయ్యి దిక్కు వంకర తిరుగుతది. ఆ వంకర దాటినంక బజారు లొల్లి సుత అంతంతే చెవుల పడుతది. కొసకు ఒక పాత దేవిడీ, నవాబుల పెద్దిల్లు, దాని తోట గోడ, తలెత్తి చూస్తె మెడ నొయ్యాలె, అంత ఎత్తు. గోడ పక్కన బాయి, బాయి పక్కన మా ఇల్లు. అంతే, ఇగ దారి లేదు. కొత్తోడు ఎవడన్న దారి తప్పి వస్తె గోడను చూసి తిట్టుకుంట వాపస్ పోవాలె. గల్లీ మూతికాడ, రోడ్డు మలుపుల, కొండల్ మల్గి.

పొద్దు నెత్తి మీదికొచ్చి, మొగోళ్ళంత పన్లకు పోయినంక, ఖైసర్ బేగం ఇంటి పనిమనిషి వచ్చి ఆ వంకరకాడ గోనెపట్టా పర్దా కడుతుండె. ఖైసర్ బేగం మా గల్లీకి పెద్దమనిషి. ఆమె చెప్పిందే చట్టం. పర్దా పడ్డదంటె ఇగ గల్లీ అంత ఆడోళ్ళదే. బురఖాలు లేకుంట, చెప్పులు సుత లేకుంట గడపలు దిగుతుండిరి. దుప్పట్టాలు భుజం మీద ఏసుకొని సీదా మా అరుగు మీదికే. నేను రంగుల పేలికలన్ని పరిచి కూసుంటుంటి. ప్యాజీ అంటె ఉల్లిగడ్డ రంగు. అండ్ల ఎన్ని తీర్లు! ఖైసర్ బేగం మనుమరాలు సలీమా అయితె ఒక పేలిక చూస్తది, మూతి తిప్పుతది, ఇంకోటి చూస్తది. "మాణిక్యమ్మా, ఇంక జర హల్కా, లేతగ కావాలె," అంటది. హల్కా చేస్తె, "గిది మరీ కడిగినట్టున్నది," అంటది. నవ్వులు, తిట్లు, పాన్‌దాన్లు, ఇంట్ల కోడండ్ల మీద చాడీలు, అన్ని మా అరుగు మీదనే.

మరి మా ఆయన పరాయి మొగోడాయె. పర్దా పడ్డంక ఇల్లిడిచి పోవాలె. కాని పొయ్యి మీద గంగాళం ఉంటది, అండ్ల రంగు మరుగుతుంటది, ఇడిచిపెడితె ముదిరిపోతది. అందుకని మా మామ ఉన్నప్పుడే ఒక ఒప్పందమైంది. రంగ్రేజ్ గోడ దిక్కు మొఖం పెట్టి కూసోవాలె. వెనుకకు మళ్ళద్దు, నోరు తెరవద్దు. వాళ్ళ మాట నేను పోయి ఆయన చెవుల ఏస్తుంటి. ఆయన తలకాయ ఊపుతుండె. అంతే.

రంగుల ముంచి పిండినంక దుప్పట్టాను ఇద్దరు చెరో కొస పట్టుకొని గాలికి ఊపాలె. ఎండల ఏస్తె కుసుంబ పువ్వు రంగు ఎగిరిపోతది. మా దగ్గర గోడ నీడ పొద్దంత ఉండె. ఒక కొస నేను, ఒక కొస సలీమా పట్టుకొని ఊపుతుంటె తడి తుంపర్లు అందరి మొఖాల మీద పడుతుండె. గంజి పెట్టినయి మాత్రం గల్లీకి అడ్డంగ, ఈ ఇంటి మేకు నుంచి ఆ ఇంటి మేకుకు తాడు కట్టి ఆరేస్తుంటిమి. బండి రాదు, టాంగా రాదు, అడిగేటోడు లేడు. మొహర్రం ముందల నలుపు, ఆకుపచ్చ. పెండ్లిండ్ల కాలంల మాంజాకు, అంటె పిల్లకు నలుగు పెట్టే దినానికి, పసుపు. తాడు ఖాళీగ ఉన్న దినం నేను చూడలే.

ఇప్పుడు చెప్తుంటె నాకే సంబురమైతున్నది. అప్పుడేది సంబురం? మా ఇద్దరి పానం కొండల్ మల్గి మీదనే.

మా గల్లీకి ఒక్కటే దారి కదా. ఉప్పుకు పోవాల్నన్నా, కట్టెలకు పోవాల్నన్నా, దవఖానకు పోవాల్నన్నా ఆ మల్గి ముందల నుంచే పోవాలె. మా ఆయన పొద్దుగాల తల వంచుకొని పోతడు, పోయినప్పుడల్ల మంట మోసుకొని వస్తడు. "కుర్చీ తెచ్చుకున్నడే," అంటడు ఒకనాడు. "బోర్డు రాయిపిచ్చిండే, ఉర్దూల, తెలుగుల," అంటడు ఇంకోనాడు. మల్గికాడ టాంగాలు ఆగుతుండె. పాగలు, షేర్వానీ గుడ్డలు పట్టుకొని పెద్ద పెద్దోళ్ళు దిగుతుండిరి. "ఆదాబ్ కొండల్ సేఠ్," అని పలకరిస్తుండిరి.

"వాణ్ని సేఠ్ అంటరే," అన్నడు ఒకపారి అన్నం ముందల కూసొని. "నా చేతి రంగు దేవిడీలల్ల పెండ్లిపిల్లలు కప్పుకుంటరు. నన్నెవరు చూసిండ్రు? నా ఈపు చూసిండ్రు. నా బతుకంత ఆ గోడ ముందల్నే తెల్లారిపోతది."

నేనేం తక్కువదాన్నా? చల్లార్చాల్సింది పోయి ఇంక ఎగదోస్తుంటి. "మీ నాయిన చిన్నకొడుకంటె పడి చస్తుండె. పెద్దోడివి, మెత్తటోడివి, నిన్ను తెచ్చి మూలకు పడేసిండు," అంటుంటి. కళావతి మల్గి వెనక తలుపులకెల్లి వచ్చేపోయేటోళ్ళను చూసుకుంట కూసుంటదని, ఏ టాంగల ఎవరు దిగిండ్రో అన్ని చెప్తదని ఓర్వకపోతుంటి. నేను చూసేది ఏంది? ఆ గోడ, ఆ బాయి, ఆ పది ఇండ్ల ఆడోళ్ళు.

నిజాం సర్కారు జూబ్లీ సంబురాలైన మరుసటేడు దేవిడీ వారసులు తోట అమ్ముకున్నరు. కొన్నది ఖదీర్ సాబ్ అని ఒక గుత్తేదారు. తోట చదును చేసి ఇండ్ల జాగలు అమ్ముతుండె. అవతలి దిక్కు బహదూర్‌పురా పోయే బాట ఉన్నది. ఆ బాటను, ఇవతల పెద్ద రోడ్డును కలిపితె ఆయన జాగలకు గిరాకీ పెరుగుతది. కలపాల్నంటె మా గోడ కొట్టెయ్యాలె, మా గల్లీలకెల్లి బండ్లు పోవాలె. గల్లీ మూతికాడ మల్గికి ఎదురుంగ ఉన్న పాడువడ్డ ఇల్లు ఆయన ముందే కొనేసిండు, కూలగొడితె మూతి పెద్దగైతది. ఇగ మిగిలింది మేము. మా అరుగు, మా ముందటి అర్ర మూల పోతెనే బండి మళ్ళుతది. మేము ఒప్పుకుంటె బాట పడ్డట్టు, లేకుంటె లేదు.

ఖదీర్ సాబ్ స్వయంగ మా ఇంటికొచ్చిండు. మా ఆయనను "భిక్షపతి సేఠ్" అన్నడు. ఆ ఒక్క మాటకే మా ఆయన సగం కరిగిండు. "గోడ పోతె నీ ఇల్లు బాట మీదికొస్తది. అటుకెల్లి బహదూర్‌పురా, ఇటుకెల్లి హుస్సేనీ ఆలం, నడుమ నీ దుకాణం," అన్నడు. మిగిలిన సగం అప్పుడు కరిగింది.

గల్లీ అంత లొల్లి. ఖైసర్ బేగం ఎన్నడు లేంది మా ఇంటిదాక వచ్చింది. పర్దా పడ్డ యాళ్ళ, మా ఆయన గోడ దిక్కు మొఖం పెట్టుకొని ఉన్నడు. ఆమె నాతోని చెప్పలే, సీదా ఆయన ఈపుతోనే మాట్లాడింది. "దీవార్ నక్కో తోడ్ రే బాబా," అన్నది. గోడ కొట్టకు బిడ్డా అని. "మా ఆడపిల్లలు ఈ గల్లీలనే గాలి పీల్చుకుంటరు. గోడ పోతె మేము ఇంట్లనే మగ్గాలె." ఆయన మామూలుగనే తలకాయ ఊపిండు. ఆమె పోయినంక నా దిక్కు మళ్ళి, "చూసినవా? మనకు మంచైతదంటె ఎవరు ఓర్వరు," అన్నడు.

మర్నాడు కొండల్ వచ్చిండు. మూతికాడి నుంచి కొసదాక ఊకెనే వచ్చేటోడు కాదు. గడపల నిలవడి, "అన్నా, ఆ గోడ జోలికి పోకు," అన్నడు.

"ఎందుకురా?"

"నీ పని ఆగమైతదన్నా. నా మాటిను."

ఇగ చూడాలె మా ఆయనను! ఇన్నేండ్ల మంట ఒక్కపారి బయటికొచ్చింది. "నీకు రోడ్డున్నది, కుర్చీ ఉన్నది, బోర్డున్నది. నాకు ఇంత బాట వస్తదంటె నీ కడుపు మండుతున్నదారా? నేను సచ్చేదాక ఈ గోడనే చూసుకుంట ఉండాల్నా? గిరాకీ నా దిక్కు మళ్ళుతదని ఫికరా? నడువు! నా గడప తొక్కకు!" అని చేతికి దొరికిన రంగు కట్టె ఎత్తిండు. కొండల్ ఏదో అనబోయిండు. నేను నడుమల దూరి, "పో మరిదీ, పో. మీరు తిన్నది చాలు, మమ్మల్ని సుత తిననియ్యండ్రి," అన్న. పోయిండు. మూతికాడిదాక వెనుకకు చూడకుంట పోయిండు.

వారం తిరగకముందే గోడ పడ్డది.

మొదటి దినాలు ఏం సంబురం! మా ఆయన కుర్చీ కొన్నడు, బోర్డు రాయిపిచ్చిండు, బోర్డు మీద పేరు తమ్ముని బోర్డు కంటె పెద్దగ ఉండాల్నని పట్టువట్టిండు. కొత్త ధోతి కట్టుకొని బాట దిక్కు మొఖం పెట్టి కూసున్నడు. నేను కావాల్నని కళావతి ఇంటి ముందలకెల్లి పోయి, "మా దగ్గర ఇప్పుడు అటొకటి ఇటొకటి రెండు దారులమ్మా, ఏ దారిల ఎవరొస్తరో తెలుస్తలేదు," అని చెప్పొచ్చిన. ఆమె లోపలికి పోయింది. ఓర్వలేక పోయిందనుకున్న.

బండ్లు మస్తు వచ్చినయి. కట్టెల బండ్లు, కూరగాయల బండ్లు, సైకిళ్ళు, టాంగాలు. అన్ని వచ్చినయి, అన్ని పోయినయి. మా ఇంటి ముందల ఒక్కటి ఆగలే. ఆగెటందుకు అక్కడ ఏమున్నది? టాంగా ఆగాల్నంటె మలుపు ఉండాలె, ఎదురుచూసెటందుకు నిలవడే జాగ ఉండాలె. అది కొండల్ మల్గికాడనే ఉన్నది. మూతి పెద్దగైనంక అక్కడ ఇంక ఎక్కువ ఆగుతుండె. మా దగ్గరికొచ్చేసరికి బండోడు ఎద్దులను అదిలిచ్చి ఉరికిస్తుండె. గుడ్డకు రంగు ఏపిచ్చుకునుడు పాన్ తినుడు కాదు, నడుమ దారిల దిగి చేసెటందుకు. మా ఆయన కుర్చీల కూసొని దుమ్ము మింగిండు. మాట్లాడిచ్చిన ఒకరిద్దరు సుత దారే అడిగిండ్రు.

గోనెపట్టా పర్దా కట్టెటందుకు జాగ లేకపాయె. అటుకెల్లి కడితె ఇటుకెల్లి వస్తరు. గడపలన్ని మూసుకున్నయి. పట్టపగలు గల్లీల చూస్తె పోయే బండ్లు తప్ప మా గల్లీ మనిషి లేడు. నా అరుగు పోయింది, ఇంటి ముందల ఇంత మెట్టు మిగిలింది. దాని మీదనే పేలికలు పరిచి పొద్దంత కూసున్న. నన్ను చూసి నవ్వేటోళ్ళు లేరు, తిట్టేటోళ్ళు లేరు. పనిమనుషుల చేతుల గుడ్డలు పంపిచ్చిండ్రు కొన్ని దినాలు. ప్యాజీ అని చెప్పి పంపిస్తె ఏ ప్యాజీ అని ఎవరినడగాలె? ఏసి పంపిస్తె వాపస్ వచ్చేది. ఇంట్ల ఉన్న మనిషి మనసు పనిమనిషి నోట్ల ఎట్ల పడుతది?

ఎండ ఒకటి. గోడ ఉన్నన్నాడు మా ఇంటి ముందల ఎండ ఎట్లుంటదో నేను ఎరుగ. ఇప్పుడు మాపటి దాక సీదా మా గంగాళం మీదనే. కుసుంబ రంగు ఆరేలోపటనే మచ్చలు మచ్చలుగ తెల్లవడుతుండె.

అయినా సలీమా పెండ్లి బట్టలు మాకే ఇచ్చిండ్రు. పాత పరిచయం. ఖైసర్ బేగం సొంతంగ కబురు పంపింది, మాంజా పసుపు, పెండ్లి దుప్పట్టా ఎరుపు, అన్ని భిక్షపతే ఎయ్యాలె అని. ఆయన ఎన్నడు పడనంత తిప్పలు పడ్డడు. రంగు మంచిగ కుదిరింది. గంజి పెట్టి, మెరిసెటందుకు అబ్రకం పొడి చల్లి, కొద్దిగ నీడ ఉన్న యాళ్ళ చూసి, బండ్లు లేవని తాడు కట్టినం. నేను లోపలికి పోయి ఒక్క గిలాస నీళ్ళు తాగి వచ్చేసరికి అరుపు ఇనవడ్డది. కట్టెల బండోడు ఎద్దులను ఉరికిచ్చుకుంట వచ్చిండు, తాడు చూడలే, చూసేసరికి దగ్గరవడ్డడు. తాడు కట్టెలకు తట్టుకున్నది. పెండ్లి దుప్పట్టా బండి చక్రం కింద, పేడల, దుమ్ముల, మూతికాడిదాక ఈడ్సుకపోయింది. మా ఆయన దాని వెనక ఉరికిండు. కొండల్ మల్గి ముందల బండి ఆగింది. చక్రంలకెల్లి గుడ్డ తీస్తుంటె అక్కడున్నోళ్ళంత చూసిండ్రు. గుడ్డ తీసెటందుకు వంగింది మా ఆయన, ఇంకో దిక్కు పట్టుకున్నది కొండల్.

ఖైసర్ బేగం తిట్టలే. తిట్టినా మంచిగుండు. "కోయీ బాత్ నై, పోనియ్," అని తలుపెనక నుంచి అన్నది, గొళ్ళెం పెట్టుకున్నది. దూద్‌బౌలి దిక్కు ఒక గల్లీ కొసకు ఎవరో రంగ్రేజ్ ఉన్నడట, ఆయన దగ్గరికి పోయిండ్రు. అక్కడ సుత గోడ ఉన్నదట.

జర్మనోళ్ళతోని యుద్ధం మొదలైంది, విలాయతి రంగులు పిరమైనయి. మా పొయ్యి అప్పటికే ఆరిపోయింది. మా ఆయన కుర్చీల కూసునుడు బంద్ చేసిండు. లోపల మంచంల పండుకొని పైకప్పు చూస్తుండె.

గప్పుడు కొండల్ కబురు పంపిండు. "అన్నను మల్గికి రమ్మను. ఇద్దరం కలిసి పని చేసుకుందం," అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముని కింద అన్న కూలి చెయ్యాల్నా? కొంగు నడుముకు చెక్కి సీదా కళావతి దగ్గరికి పోయిన.

"ఏందే, మమ్మల్ని కూలికి పిలుస్తున్నరా? మా ఇల్లు చల్లారితె మీ కడుపు చల్లారిందా?" అన్న.

కళావతి బియ్యం ఏరుతున్నది. చాట కింద పెట్టింది. లేచింది. నాకంటె చిన్నది, ఎన్నడు ఎదురు మాట అననిది, ఆ దినం లేచింది.

"నా కడుపు చల్లారింది అక్కా! ఒప్పుకుంట! ఎన్నేండ్లు మండింది తెలుసునా? ఈ దుమ్ముల కూసొని, వచ్చేపోయేటోని కంట్ల పడుకుంట, వెనక తలుపుల తల పెట్టి మీ నవ్వులు ఇనుకుంట ఏడ్సిన. బేగంలు నీ అరుగు మీదికొచ్చి కూసుంటుండిరి. నా దగ్గరికి ఏ ఆడది వచ్చింది? బాయి మీ దగ్గర, నీడ మీ దగ్గర, చేతి పని మీ దగ్గర. మేము మిద్దె మీద ఎండల ఆరేసి, పలచటి రంగులు నిలువక, నలుపు, గోధుమ తప్ప ఎయ్యకపోతిమి. మా మామ మంచిదంత పెద్దకొడుక్కు పెట్టి మా మొఖాన దుమ్ము కొట్టిండని మీ మరిది ఎన్ని రాత్రులు నిద్రపోలే!"

కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది.

"గోడ కొట్టద్దని ఆ దినం ఎందుకొచ్చిండనుకున్నవ్?" అన్నది. "అన్నకు రోడ్డే ముద్దైతె మల్గి అన్నకే ఇద్దం, లోపలిల్లు మనకు మార్చుకుందమని నాతోని చెప్పి వచ్చిండు. కుర్చీ, బోర్డు, అన్ని ఇస్తనన్నడు. సంబురంగ వచ్చిండు. మీరు కట్టె ఎత్తిండ్రు."

ఇంటికెట్ల వచ్చిన్నో తెల్వది. మా ఆయన మంచంల ఉన్నడు. కాళ్ళ దగ్గర కూసొని మొత్తం చెప్పిన, ఒక్క మాట దాచలే. మార్చుకుందమని వచ్చిన ముచ్చట దగ్గరికొస్తె ఆయన లేచి కూసున్నడు.

"వాడు నన్ను చూసి కుళ్ళుకున్నడా?" అన్నడు. "కొండల్? నన్ను చూసి?"

"అవునయ్యా. ఇద్దరు మొగడు పెండ్లాలు."

"ఇంకోపారి చెప్పు."

చెప్పిన. ఎన్నో నెలల తర్వాత ఆయన మొఖం మీద నవ్వు వచ్చింది. చిన్న పోరని తీరు, పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు. "నిద్రపోకపోతుండెనట!" అన్నడు. "సేఠ్ నిద్రపోకపోతుండెనట!" నవ్వుకుంట నవ్వుకుంట మెల్లగ ఆ నవ్వు ఆగింది. బయట బండి ఒకటి పోయింది, ఇల్లంత అదిరింది.

"మరి అడుగకపాయెనే," అన్నడు. "అడిగితె ఇచ్చేటోణ్నే కదనే. ఇద్దరం బతుకుదుము కదనే."

"అడుగనిచ్చినమా?" అన్న. ఆయన నా కొంగు పట్టుకొని ఏడ్సిండు. ఇన్నేండ్లల్ల ఆయన ఏడ్సుడు నేను చూడలే, నాకు సుత ఆగలే.